రాకాసి గుళ్ల దగ్గర తెల్లచీర

రండి, రండి... చాపలు ముందుకు లాక్కోండి. దూరంగా కూర్చుంటే నేను అరవాలి, అరిస్తే ఈ కథ పాడవుతుంది. ఆ కొవ్వొత్తి ఆరిపోకుండా ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టండి.

పాస్టర్ గారి బండి మల్కాజ్‌గిరిలో ఆగిపోయిందట, తోసుకుంటూ వస్తున్నారట. పునరుత్థాన పండుగ తెల్లవారుజామున, ఈ సమాధుల తోటలో, చనిపోయినవాళ్లంతా లేస్తారని చెప్పడానికి వస్తున్న మనిషి బండే లేవలేదు. ప్రభువు క్షమించుగాక, నేను ఎగతాళి చేయడం లేదు. ఉన్న సంగతి చెప్పాను.

ఆయన వచ్చేలోపు ఒక దెయ్యం కథ చెబుతాను. రోసమ్మ గారూ, అలా ముఖం చిట్లించకండి. ప్రార్థన చేసుకునే మొదలుపెడుతున్నా. ఇది నేను చూసింది కాదు, విన్నది. అయినా పూర్తిగా తెలిసింది విన్నవాళ్లకే. చూసినవాళ్లు మధ్యలోనే పారిపోయారు కదా!

నేరేడ్‌మెట్ దాటి లోపలికి పోతే ఒక కాలనీ ఉంది. పేరు చెప్పను. చెబితే ఫ్లాట్ల రేట్లు పడిపోతాయని అక్కడివాళ్లు నా చేతులు పట్టుకున్నారు. ఆ కాలనీ చివర, జిమ్ముకీ కర్రీ పాయింటుకీ వెనకాల — రాకాసి గుళ్లు.

గుళ్లంటే గోపురాలనుకునేరు. గుండ్రంగా పాతిన నల్లటి బండరాళ్లు. కొన్ని మోకాలెత్తు, కొన్ని నడుమెత్తు. నడిమధ్యన ఒక పెద్ద బండ, సగం భూమిలోకి కుంగిపోయి... వేల ఏళ్ల కిందటి మనుషులు తమవాళ్లు చనిపోతే ఆ రాళ్ల కింద పెట్టి పోయారని చదువుకున్నవాళ్లు చెబుతారు. అంతంత రాళ్లు మనుషులెట్ల మోస్తరు, రాకాసులే మోసి ఉంటరని మిగతావాళ్లు చెబుతారు.

ఒకప్పుడు అక్కడ ఒక నీలం బోర్డు ఉండేది. ఇది పురాతన స్థలం, ముట్టుకుంటే శిక్ష తప్పదని. ఇప్పుడది ఎవరింట్లోనో కోళ్ల గూటికి తలుపైంది. ఆ కోళ్లను మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. బోర్డు పని చేస్తున్నట్టే లెక్క.

ఇక ఆ గుళ్లకున్న చెడ్డపేరు... చీకటి పడితే తిండి తెచ్చే కుర్రాళ్లు లోపలికి రారు. మలుపులోనే నిలబడి, "మేడమ్, జెర మీరే ఇక్కడిదాకా రండి" అంటారు. అక్కడికి పోగానే ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. ఎవరి నల్లాలో నీళ్లు ఆగినా గుళ్ల వల్లే. ఎవరి పిల్లవాడు ఇంటర్ తప్పినా గుళ్ల వల్లే. వాడు ఏడాదంతా పుస్తకం తెరవలేదన్న సంగతి ఆ దెయ్యాలకు మాత్రమే తెలుసు, పాపం అవి ఎవరికీ చెప్పలేదు.

ఇంకో సంగతి. కాలనీలో ఎవరింట్లో దిష్టి తీసినా ఆ గుమ్మడికాయ, ఆ నిమ్మకాయలు, ఆ ఎర్రనీళ్లు తీసుకొచ్చి ఆ రాళ్ల మధ్యనే పారేసేవారు. మర్నాడు పొద్దున వాటిని చూసి — "అయ్యో, ఇక్కడ ఎవరో ఏదో చేశారు!" అని వాళ్లే జడుసుకునేవారు.

ఇన్ని దెయ్యాలున్న చోటికి కాలనీ అసోసియేషన్ దృష్టి ఎందుకు పోయిందంటారా?

పార్కింగు.

అసోసియేషన్ ప్రెసిడెంటు పురుషోత్తం గారు. రాంగోపాల్‌పేట్‌లో పెయింట్ల దుకాణం. మెడలో తాయెత్తులు, చేతికి దారాలు, వేళ్లకు ఉంగరాలు... దెయ్యం ఆయన్ని పట్టుకోవాలన్నా ఖాళీ జాగా దొరకదు. సెక్రటరీ మన నతానియేల్ గారు. రైల్వేలో పెద్ద హోదాలో చేసి దిగిపోయిన మనిషి, సంఘ పెద్ద. దెయ్యాలు లేవని మనకు ఎన్ని ఆదివారాలు బల్లగుద్ది చెప్పలేదూ! ఆ బల్ల కాలు ఇప్పటికీ ఊగుతూనే ఉంది.

ఈయన భయపడడు కాబట్టి, ఆయనకు తాయెత్తులున్నాయి కాబట్టి, ఇద్దరూ కలిసి ఆ రాళ్లను పీకించి, నేల చదును చేయించి, కార్లు పెట్టిద్దామని తీర్మానించారు. మీటింగ్ నతానియేల్ గారి వరండాలో జరిగింది. ఆయన భార్య దేవకృప గారు టీలు అందిస్తున్నారు. అంతా అయిపోవచ్చింది, చప్పట్లు కొట్టడమే తరువాయి...

అప్పుడు మెట్లెక్కి వచ్చింది బాలమ్మ.

బాలమ్మది కాలనీ కంటే పాత కాపురం. అక్కడ ఇళ్లు లేనప్పుడు, బండలు కొట్టేవాళ్ల గుడిసెలు ఉన్నప్పుడు వచ్చింది. ఇప్పుడు ఆ వీధి మొదట్లో ఒక రేకుల గది మిగుల్చుకుని పూలమ్ముకుంటుంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే అంది —

"పెంటయ్యా, గా రాళ్లు తీస్తున్నరంట గదా. ఆడ నా కొడుకున్నడు రా."

అందరూ టీ కప్పుల్లోకి చూశారు. పురుషోత్తం గారి ముఖం మాత్రం ఎర్రబడింది, ఆమె కొడుకు మాటకు కాదు.

"అవ్వా, నా పేరు పురుషోత్తం."

"కాయితాల మీద మార్చుకున్నవ్. మీ అవ్వ పెట్టిన పేరు గది. నీ ముడ్డి కడిగిన చేతులివి, నాకే చెప్తవా పేరు?"

వెనక వరసలో యోగిత అని, టెక్ కంపెనీలో చేసే అమ్మాయి, నవ్వాపుకోలేక టీ కప్పులో దగ్గింది.

నతానియేల్ గారు సర్దుకున్నారు. "అమ్మా, మీ బాబు ఎప్పుడు పోయాడు?"

"పుట్టిన వారానికే. గప్పుడు మాకు స్మశానమేడున్నది సారూ? పసిపిల్లలు పోతే గీ చుట్టుపక్కలోళ్లందరు గా రాళ్ల పొంటి పెట్టేటోళ్లు. మా ఆయన గుడ్డల చుట్టి తీస్కపోయిండు. నేను పచ్చి బాలింతను, నన్ను రానియ్యలే."

"సరే... ఏ రాయి?"

బాలమ్మ కొంగు సవరించుకుంది. తర్వాత చాలా మెల్లగా — "తెల్వదు సారూ. ఎన్నిసార్లడిగినా ఆయన చెప్పకపోయిండు. చెప్తే నువ్వు ఆడనే కూసుంటవ్, ఇంటికి రావు అన్నడు. గా మాట కడుపుల పెట్టుకునే పోయిండు."

"ఏ రాయో తెలియనప్పుడు మేమేం చేయగలమమ్మా?" అన్నారు నతానియేల్ గారు, ఎంతో దయగా. రైలు వెళ్లిపోయాక టైం చెప్పేవాళ్లు కూడా అంతే దయగా చెబుతారు. "మీ బాధ మాకు అర్థమైంది. మినిట్స్‌లో రాయిస్తాం."

"రాస్తె ఏమైతది? రాసిన పుస్తకం ఎత్తుకోని జోల పాడాల్నా?"

ఆమె వెళ్లిపోయింది. చప్పట్లు కొట్టారు. దేవకృప గారు ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆమె ఏమీ అనలేదు. ఆమెనెవరూ అడగనూ లేదు.

ఇక ముహూర్తం. ఈస్టర్ సెలవులు, ఆఫీసుల్లో ఎవరూ ఉండరు, అడిగేవాడుండడు. ఆదివారం తెల్లవారకముందే జేసీబీ రావాలి, వెలుగు వచ్చేసరికి నేల చదునైపోవాలి. నతానియేల్ గారు డ్రైవరుకు జాగా చూపించి, అటునుంచి అటే ఆరాధనకు వచ్చేస్తారు. లోకం కోసం ప్రభువు సమాధి రాయి దొర్లించబడిన ఉదయాన్నే ఈయన కూడా నాలుగు రాళ్లు దొర్లిద్దామనుకున్నారన్నమాట.

ఎవరూ చూడకూడదని ఆ సందులో వీధిలైట్లు కూడా తీయించారు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ చీకటి దెయ్యాలు పెట్టింది కాదు. అసోసియేషన్ పెట్టింది.

ఆ తెల్లవారుజాము...

దేవకృప గారు అప్పటికే ఇంట్లో లేరు. సమాధుల తోటలో ఆడవాళ్లకు పని ఉంటుంది కదా, పూలూ కొవ్వొత్తులూ... నతానియేల్ గారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, కొత్త చెప్పులు తొడుక్కుని బయల్దేరారు. పురుషోత్తం గారు మలుపులో ఎదురయ్యారు. జేసీబీ వీధి మొదట్లో ఆగి ఉంది. డ్రైవరు అమ్మిరాజు, గోదావరి జిల్లావాడు.

"ముందు మీరెళ్లి జాగా చూపించండి. తరవాత నేనొస్తాను" అన్నాడు.

"భయమా?" అన్నారు నతానియేల్ గారు, నవ్వి.

"నాకెందుకండీ భయం? ఇంటికి పెళ్లాం పిల్లలున్నారని చెబుతున్నానంతే."

ఇద్దరూ సందులోకి నడిచారు.

జిమ్ము దాటారు. కర్రీ పాయింటు దాటారు. చీకటి... ముందు పురుషోత్తం గారి ఫోన్ లైటు, వెనక నతానియేల్ గారి గొంతు — "దెయ్యం అనేది బలహీనమైన మనసు కల్పించుకునే..."

ఉన్నట్టుండి ఆగారు.

సర్ర్... సర్ర్...

"ఏందీ అది?" పురుషోత్తం గారు గుసగుసగా.

"గాలి."

సర్ర్... సర్ర్... సర్ర్...

"గాలి గిట్ల ఆగి ఆగి వస్తదా సార్?"

"వస్తుంది. ఏప్రిల్ నెలలో వస్తుంది."

మలుపు తిరిగారు. ఫోన్ లైటు అక్కర్లేకపోయింది. ఈస్టర్ ఎప్పుడూ పున్నమి దాటాకే వస్తుంది కదా, అపార్టుమెంటు పక్కనుంచి తరుగు చంద్రుడు తొంగిచూస్తున్నాడు. ఆ వెన్నెల్లో —

రాళ్లు లేవు.

నిన్నటిదాకా నల్లగా ఉన్న రాళ్లు... ఒక్కటీ లేదు. వాటి చోట గుండ్రంగా మనుషులు కూర్చుని ఉన్నారు. తెల్లటి ముసుగులు. తలలు వంచి, మోకాళ్లు ముడుచుకుని, ఒకరి పక్కన ఒకరు. ఎవరూ కదలడం లేదు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు...

పురుషోత్తం గారు నతానియేల్ గారి చొక్కా పట్టుకున్నారు. "సార్... ప్రార్థన చేయండి సార్."

నతానియేల్ గారు నోరు తెరిచారు. ముప్ఫై ఏళ్లుగా ఆగకుండా ప్రార్థన చేసే నోరు. ఒక్క మాట దొరకలేదు.

అంతలో ఆ కూర్చున్నవాళ్ల మధ్యలోంచి — ఒకరు లేచారు.

తెల్లచీర. చెదిరిన జుట్టు. మోచేతుల దాకా తెల్లటి చేతులు, సున్నంలా తెల్లగా. నడిమి బండ మీద చిన్న మంట ఒకటి వెలిగింది, దానంతటదే వెలిగినట్టు. తెల్లచీర వీళ్ల వైపు తిరిగింది. చెయ్యి ఎత్తింది. తడి గొంతుతో, మెల్లగా —

"వచ్చేశారా? ...కాస్త ఆగండి."

ఆగలేదు.

ఇక్కడ నేను ఇద్దరు పెద్దమనుషుల గౌరవం కాపాడాలి. కాపాడలేను. తాయెత్తులు తెంచుకుంటూ పురుషోత్తం గారు "యేసయ్యా... యేసయ్యా..." అని పరుగెత్తారు. చెప్పులొదిలేసి మన నతానియేల్ గారు "ఆంజనేయా... దండకం... దండకం..." అని పరుగెత్తారు. దండకం రాదు కాబట్టి దాని పేరే చదివారు. దేవుళ్లు పెద్ద మనసు చేసుకున్నారు. ఇద్దరూ ప్రాణాలతో ఇళ్లకు చేరారు.

అమ్మిరాజు మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. జేసీబీని అట్లాగే వెనక్కి, నేరేడ్‌మెట్ చౌరస్తా దాకా వెనక్కే నడిపాడు. అక్కడ టీ బండి దగ్గర ఎవరో అడిగారట, "ఏమన్నా, దెయ్యాన్ని చూసినవా?"

"నేను చూళ్లేదండీ. చూసినోళ్లని చూశాను. నాకది చాలు."

నతానియేల్ గారు ఇంటికొచ్చి గడియ పెట్టి, సోఫాలో కూలబడి, బైబిల్ గుండెకు హత్తుకున్నారు. తలకిందులుగా పట్టుకున్నారని తర్వాత తెలిసింది.

తలుపు... టక్... టక్.

ఆయన లేవలేదు.

టక్... టక్... టక్.

"ఎవరు?" అన్నారు, కిటికీ దగ్గరికి పాకి. కిటికీ పరదా కొంచెం తొలగించి చూశారు. వరండాలో తెల్లచీర. మోచేతుల దాకా తెల్లటి చేతులు. ఆ చేతుల్లో — ఆయన కొత్త చెప్పులు!

ఆయన ప్రాణం పైకి పోబోతుండగా ఆ తెల్లచీర విసుగ్గా అంది —

"తలుపు తీయండీ. అంత దూరం చెప్పుల్లేకుండా ఎలా ఉరికారు? గాజుపెంకులున్నాయక్కడ. కాళ్లు చూపించండి."

దేవకృప గారు.

చూశారా... ఈస్టర్ రోజున మన ఆడవాళ్లం తెల్లచీర కట్టుకుంటామని మనకందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషికి తెలియదా? తెలుసు. ఆ గొంతు వినలేదా? రోజూ విన్నారు. టీ తాగుతారా, మందు వేసుకున్నారా, కాస్త ఆగండి — రోజూ విన్న గొంతే. ఇల్లు దాటి ఒక్కసారి బయట వినబడేసరికి దెయ్యమనుకున్నారు.

"నువ్వా?" అన్నారాయన. "అక్కడ... నువ్వేం చేస్తున్నావు?"

"సున్నం వేస్తున్నా."

మనవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ పండుగకు ముందు రోజు మనమంతా మన మన సమాధులకు సున్నం వేసుకుంటాం. ఆమె కూడా అత్తగారి సమాధికి వేసి వచ్చింది. బకెట్‌లో సున్నం మిగిలింది. ఏటా మిగులుతుంది, ఏటా పారబోస్తాం, మీరూ నేనూ...

"రేపు పొద్దున పీకేస్తారని మీరు ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. ఆ బాలమ్మ గారి బాబుకు పేరు కూడా పెట్టలేదటండీ. ఇరవై ఒకటో రోజు పెడదామనుకున్నారట. పోయే ముందు వాడి రాయికి ఒక్కసారైనా సున్నం పడనీ, ఒక్క కొవ్వొత్తి వెలగనీ అనుకున్నా."

"ఏ రాయో ఆమెకే తెలియదు కదా?"

"అందుకే అన్నిటికీ వేశాను."

నతానియేల్ గారు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా ఉండటం ఆ ఇంట్లో అదే మొదటిసారని ఇరుగుపొరుగు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మీరు జేసీబీ తెచ్చారేమో, కాస్త ఆగితే పనైపోతుందని చెప్పబోయాను. మీరు ఆగితేగా!" ఆమె చేతులు కడుక్కుంటూ నిట్టూర్చింది. "ఒక్కటి మిగిలిపోయింది. గోడ వారన ఉంటుంది చూడండి, చిన్న రాయి. దానికి వచ్చేసరికి బకెట్ ఖాళీ. ఎంత గీకినా రాలేదు. నల్లగా అట్లాగే ఉండిపోయింది... వాడిదే అయితే?"

దెయ్యం సంగతి తేలిపోయింది కదా, లేచి చేతులు దులుపుకుందామనుకుంటున్నారా? కూర్చోండి. పాస్టర్ గారింకా రాలేదు. అసలైంది ఇప్పుడే ఉంది.

తెల్లారింది. పాలప్యాకెట్లు వేసే మనిషి ముందు చూశాడు. అతను పెట్టిన కేకకు కాలనీ అంతా రాకాసి గుళ్ల దగ్గర చేరింది. పొద్దెక్కితే ఫోన్లు పట్టుకుని దెయ్యాలకు భయపడనివాళ్లు ఎంతమంది ఉంటారో ఆ రోజే తెలిసింది. నల్లటి రాళ్లు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. నడిమి బండ మీద కరిగిపోయిన కొవ్వొత్తి. నతానియేల్ గారు చెప్పులేసుకుని, భార్య వెనక నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి వెనక.

దేవకృప గారు బాలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. బాలమ్మ చూసింది. చాలాసేపు చూసింది.

"ఏ రాయో తెల్వదంటిని గద బిడ్డా..."

"అందుకే అన్నిటికీ అమ్మా."

బాలమ్మ ఒక రాయి దగ్గరికి పోయింది. వంగి అరచెయ్యి ఆనించింది. కాసేపు అట్లాగే ఉంది. తర్వాత పక్క రాయి. అక్కడా వంగింది, చెయ్యి ఆనించింది, ఆగింది. తర్వాత ఇంకొకటి. ప్రతి రాయీ తన కొడుకే అయినట్టు... వేల ఏళ్ల కింద ఎవరి కోసమో ఎవరో దొర్లించుకొచ్చిన రాళ్లు. ఆ తల్లులెవరో, ఆ భాషేంటో మనకు తెలియదు. అన్నేళ్ల తర్వాత ఎవరో ఒకరు వచ్చి ఒంటి మీద చెయ్యి వేస్తే వాటికెలా ఉండి ఉంటుంది? నేను విశ్వాసిని, రాళ్లకు ప్రాణముందని చెప్పను. ఊరికే అడిగాను.

ఫోన్లన్నీ ఒక్కొక్కటే కిందికి దిగాయి.

చివరికి గోడ వారన ఉన్న చిన్న రాయి. దేవకృప గారు అప్పుడు చూశారు దాన్ని. చూసి... మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఆ రాయి కూడా తెల్లగా ఉంది.

"నేను వేయలేదండీ," అన్నారు గుసగుసగా. "ఒట్టు. నేను వేయలేదు."

నతానియేల్ గారి కాళ్లు మళ్లీ చెప్పుల్లోంచి జారడానికి సిద్ధమయ్యాయి.

బాలమ్మ ఆ రాయి మీద చెయ్యి ఆనించింది. తీసింది. చెయ్యి రాయికి అతుక్కుని, లాగితేనే వచ్చింది. అరచెయ్యి వాసన చూసుకుంది. చుట్టూ చూసింది. జనం వెనకాల, ఒక్క తాయెత్తూ లేని మెడతో, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గర ఆమె చూపు ఆగింది.

"పెంటయ్యా... ఇది సున్నం కాదు రా."

"నాకేం తెల్సు పెద్దమ్మా." మొదటిసారి ఆ పేరుకు ఆయన పలికాడు. "దెయ్యం ఏసిందేమో."

"దెయ్యానికి సుత పెయింట్ల దుకాణమున్నదారా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. గోళ్ల నిండా తెల్లరంగు. వానకు పోని రంగు, పదేళ్ల గ్యారంటీ ఉన్నది, దుకాణంలో ఆయన మనకందరికీ అంటగట్టేదే.

ఆ మనిషికి పెంటయ్య అని పేరెందుకు పెట్టారో ఆ వైపువాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, తర్వాత పుట్టినవాడిని చావు కంటబడకుండా పెంట మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టు తెచ్చుకుని, ఆ పేరు పెట్టుకుంటారు. ఆ పేరు సిగ్గనుకుని ఆయన కాయితాల మీద మార్చుకున్నాడు. అది తనను బతికించిన పేరని ఎవరూ చెప్పలేదు. తానూ అడగలేదు.

ఆ తెల్లవారుజామున ఊపిరందక ఇల్లు చేరినప్పుడు ఆయన తల్లి జగదాంబ గారు మేలుకునే ఉన్నారట. ఏం చూశావురా అని అడిగారట. ఆ తర్వాత తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, కల్పించి చెప్పను. వాళ్ల కిటికీలో లైటు మాత్రం వెలుగుతూనే ఉందని, కాసేపటికి ఆయన ఒక్కడే, డబ్బా పట్టుకుని, దెయ్యాలున్న చోటికే తిరిగి నడిచి వెళ్లాడని తెలుసు. దెయ్యమనే నమ్ముతూ వెళ్లాడు. ఆ నల్లగా మిగిలిన రాయి ఒక్కటే ఎందుకు మిగిలిందో తెలియకుండానే వేశాడు.

బాలమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చొక్కా పాడైంది.

"మీ అవ్వకు నీకంటె ముందు ఇద్దరాడపిల్లలు రా. నా కొడుకున్న కాడనే ఉన్నరు. ఏ రాయి అని నన్నడగకు."

"అడుగ," అన్నారు పురుషోత్తం గారు. కళ్లు తుడుచుకుంటే ముఖమంతా తెల్లరంగైంది. వాళ్లింటి పై అంతస్తు కిటికీలోంచి జగదాంబ గారు చూస్తున్నారు.

పార్కింగు సంగతా? ఇప్పటికీ కార్ల కోసం ఆ కాలనీలో రోజూ కొట్టుకుంటారు. నీలం బోర్డు ఇప్పటికీ కోళ్ల గూటికే ఉంది. రేపు ఇంకో ప్రెసిడెంటు వస్తే ఏమవుతుందో ప్రభువుకే తెలియాలి. కానీ ఆ రాళ్ల మధ్య గుమ్మడికాయలు పారేయడం మాత్రం ఆగిపోయింది. ఏటా ఈ పూట ఆ దుకాణం నుంచి ఒక డబ్బా వస్తుంది. పంపిందెవరని అడిగితే ఆయన జవాబొకటే — దెయ్యం.

అదిగో, గేటు దగ్గర లైటు... పాస్టర్ గారు బండి తోసుకుంటూ వస్తున్నారు. లేవండి. లేచే ముందు ఒక్క మాట. నేను చెప్పిందంతా మర్చిపోయినా సరే, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. మీవాళ్ల సమాధికి సున్నం వేశాక బకెట్‌లో మిగిలింది పారబోయకండి. పక్కన నావాళ్లదని ఎవరూ రాని సమాధి ఒకటుంటుంది, దానికి వేయండి. ఎవరిదో తెలియకపోతే మరీ మంచిది. వచ్చే ఏడు మళ్లీ వేయండి, ఇంకొకరికి చెప్పి వేయించండి.

మీ వెనకాల, ఆ మూలన, వేపచెట్టు కింద... తిరిగి చూడండి, భయపడకండి. దానికి ఈ ఏడు ఎవరూ వేయలేదు.

బకెట్ ఎవరి దగ్గరుంది?